సాయంత్రం ఆరున్నరకు ఆగిపోయే కెమెరాలు: నెట్‌వర్క్ స్విచ్ కరెంటు పంచే లెక్క

మా అపార్ట్‌మెంట్‌లో రెండేళ్ల కిందట ఎనిమిది కెమెరాలు పెట్టించాం. పగలంతా బాగానే పనిచేసేవి. సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య మాత్రం రెండు ఆగిపోయేవి: ఒకటి వెనక గేటు దగ్గరది, ఇంకొకటి జనరేటర్ పక్క సందులోది. తెల్లారాక వాటంతటవే మళ్లీ వచ్చేవి. టెక్నీషియన్ పగలు పదకొండింటికి వచ్చేవాడు. అప్పుడు చూస్తే స్క్రీన్ మీద ఎనిమిదికి ఎనిమిదీ కనిపించేవి. ఒకసారి కనెక్టర్లు తీసి మళ్లీ క్రింప్ చేశాడు. ఇంకోసారి కేబుల్ మార్చాడు. మూడోసారి ఒక కెమెరానే మార్చాడు. సాయంత్రం అయ్యేసరికి మళ్లీ కథ మొదటికే. రాత్రిపూట వెనక గేటు కనిపించకపోతే ఆడవాళ్లకీ పెద్దవాళ్లకీ ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

తప్పు కెమెరాలోనూ లేదు, కేబుల్‌లోనూ లేదు. ఆ ఎనిమిది కెమెరాల కేబుళ్లూ వచ్చి కలిసే పెట్టె, అంటే వాటికి కరెంటు ఇస్తున్న నెట్‌వర్క్ స్విచ్ దగ్గర ఉంది. అదీ చెడిపోలేదు. తన దగ్గర ఉన్న కరెంటును తనకు తెలిసిన పద్ధతిలో పంచింది, అంతే. ఆ పద్ధతి తెలియక మేం మూడు నెలలు తిరిగాం. ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో, కాలేజీల్లో ఇదే సమస్య వేరే వేరే రూపాల్లో వస్తుంటుంది. కొత్తగా పెట్టిన ఫోన్‌కు లైటే వెలగదు. వైఫై ఉన్నట్టే ఉంటుంది కానీ స్పీడు రాదు. కరెంటు పోయి వచ్చాక నిన్నటిదాకా పనిచేసిన యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) లేవదు. చూడ్డానికి వేరువేరు జబ్బుల్లా ఉంటాయి కానీ, వీటిలో చాలావాటికి మూలం ఒక్కటే.

ఒకే తీగలో డేటా, కరెంటు

నెట్‌వర్క్ కేబుల్‌లో డేటాతోపాటు కరెంటు కూడా పంపే పద్ధతిని పవర్ ఓవర్ ఈథర్నెట్ అంటారు. మన దగ్గర అందరూ పీఓఈ అనేస్తారు. కెమెరా పక్కన ప్లగ్ పాయింట్ అక్కర్లేదు, అడాప్టర్ అక్కర్లేదు. గోడ మీద ఎక్కడ కావాలంటే అక్కడికి ఒక్క కేబుల్ లాగితే చాలు.

2000 సంవత్సరం ప్రాంతంలో నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో తన ఐపీ ఫోన్ల (నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచే ఫోన్ల) కోసం సొంత పద్ధతి ఒకటి తెచ్చింది. అన్ని కంపెనీలకూ పనికొచ్చే ప్రమాణం 2003లో వచ్చింది. ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థ ఐఈఈఈ ఇచ్చిన ఆ ప్రమాణం పేరు 802.3ఏఎఫ్. దాని ప్రకారం స్విచ్ ఒక పోర్టుకు (కేబుల్ గుచ్చే ఒక్కో రంధ్రానికి) 15.4 వాట్ల దాకా ఇవ్వొచ్చు. 2009లో వచ్చిన 802.3ఏటీ దాన్ని 30 వాట్లకు పెంచింది. పెట్టెల మీద 'పీఓఈ ప్లస్' అని రాసేది దీన్నే. 2018లో 802.3బీటీ వచ్చింది. అది కేబుల్‌లోని నాలుగు జతల తీగలనూ వాడుకుని 60 వాట్లు, 90 వాట్ల దాకా వెళ్లింది.

ఇవన్నీ ఒక్కో పోర్టు గరిష్ఠంగా ఎంత ఇవ్వగలదో చెప్పే అంకెలు. అన్ని పోర్టులకూ ఒకేసారి అంత ఇస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు. కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో '8 పోర్టులు, పోర్టుకు 30 వాట్లు' అని ఉంటుంది. ఎనిమిది ముప్పైలు రెండొందల నలభై అనుకుంటాం. చిన్న అక్షరాల్లో ఇంకో అంకె ఉంటుంది: 'మొత్తం బడ్జెట్ 60 వాట్లు'. మా అపార్ట్‌మెంట్ స్విచ్ సరిగ్గా అలాంటిదే.

పెద్ద స్విచ్‌ల్లో కూడా ఇంతే. 24 పోర్టుల స్విచ్‌లు చాలావాటికి 370 వాట్లు, 48 పోర్టుల వాటికి 740 వాట్లు అని డేటాషీట్‌లో, అంటే కంపెనీ ఇచ్చే వివరాల కాగితంలో కనిపిస్తుంది. ఈ అంకెలు ఎక్కడివా అని ఒకసారి గుణించి చూడండి. 24ను 15.4తో గుణిస్తే 369.6. 48ని గుణిస్తే 739.2. అంటే అన్ని పోర్టులకూ 2003 నాటి పాత లెక్కలో నిండుగా ఇచ్చేంత కరెంటు ఉందన్నమాట. అదే 24 పోర్టులకూ 30 వాట్ల చొప్పున కావాలంటే 720 ఉండాలి. ఉన్నది అందులో సగం. 'పోర్టుకు 30 వాట్లు' అన్న మాట అబద్ధం కాదు. ఏ పోర్టుకైనా ఇస్తుంది, అన్నిటికీ కలిపి ఇవ్వదు.

స్విచ్ అడిగే ప్రశ్నలు

కేబుల్ గుచ్చగానే స్విచ్ కరెంటు వదలదు. ముందు అటువైపు ఉన్నది ఏమిటో తెలుసుకుంటుంది. 2.7 నుంచి 10.1 వోల్టుల మధ్య చాలా చిన్న వోల్టేజీ పంపి చూస్తుంది. అటువైపు దాదాపు 25 వేల ఓమ్‌ల నిరోధం కనిపిస్తే అది కరెంటు తీసుకునే పరికరమని అర్థం. లాప్‌టాప్‌లో ఆ గుర్తు ఉండదు కాబట్టి పీఓఈ పోర్టుకు పెట్టినా దానికేమీ కాదు.

తర్వాత వోల్టేజీని 15.5 నుంచి 20.5 మధ్యకు పెంచి ఇంకో ప్రశ్న అడుగుతుంది: నీకు ఎంత కావాలి? పరికరం ఒక నిర్ణీత కరెంటు లాగి జవాబిస్తుంది. ఆ జవాబే దాని 'క్లాస్'. క్లాస్ 1 అయితే స్విచ్ 4 వాట్లు పక్కన పెడుతుంది. క్లాస్ 2కు 7, క్లాస్ 3కు 15.4, క్లాస్ 4కు 30. ఏమీ చెప్పని పరికరాన్ని క్లాస్ 0 అనుకుని దానికీ 15.4 పక్కన పెడుతుంది. బీటీ ప్రమాణంలో 5 నుంచి 8 దాకా ఇంకో నాలుగు క్లాసులున్నాయి. అవి 45, 60, 75, 90 వాట్లు.

ఈ మెట్ల మధ్య దూరం చూడండి. 7 తర్వాత ఒక్కసారిగా 15.4, దాని తర్వాత 30. పరికరం చేరేసరికి క్లాస్ 2లో మిగిలేది 6.49 వాట్లు. 9 వాట్లు కావాల్సిన కెమెరాకు అది చాలదు. కాబట్టి అది క్లాస్ 3 అని చెప్పుకోవాల్సిందే. 9 వాట్లు తినే కెమెరా పేరు మీద స్విచ్ 15.4 రాసుకుంటుంది. 13 వాట్లకు కాస్త మించి కావాల్సిన యాక్సెస్ పాయింట్ అయితే క్లాస్ 4లోకి దూకి 30 వాట్లు తన పేరున రాయించుకుంటుంది.

ఆర్టీసీ బస్సు స్టాండులోకి రాగానే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపడం మనందరికీ తెలుసు. పిల్లాడి కోసం ఒక సీటు ఆపుతాం. పిల్లాడు ఒళ్లోనే కూర్చుంటాడు, సీటు ఖాళీగానే ఉంటుంది. ఎక్కినవాళ్లు మాత్రం నిలబడాలి. క్లాస్ లెక్కలో స్విచ్ చేసేది ఇలాంటి పనే. బస్సు నిండిపోయిందా అంటే సీట్లన్నీ ఆపారు. మనుషులు కూర్చున్నారా అంటే సగమే.

అందుకే స్విచ్‌లో మూడు అంకెలను వేరువేరుగా చూడాలి. మొదటిది స్విచ్ దగ్గర ఉన్న మొత్తం. రెండోది పోర్టుల పేరు మీద రాసేసిన మొత్తం. మూడోది ఈ క్షణాన తీగల్లో నిజంగా పోతున్న మొత్తం. సిస్కో స్విచ్‌లో 'షో పవర్ ఇన్‌లైన్' అని కొడితే అవైలబుల్, యూజ్డ్, రిమైనింగ్ అని వస్తాయి. అక్కడ 'యూజ్డ్' అన్నది చూసి చాలామంది అంత కరెంటు ఖర్చవుతోందని అనుకుంటారు. నిజానికి అది రాసిచ్చిన లెక్క, తిన్న లెక్క కాదు. తెలిసినవాళ్లు కూడా అక్కడ తడబడటం చూశాను. అసలు పోతున్నది ఎంతో తెలియాలంటే 'షో పవర్ ఇన్‌లైన్ పోలీస్'లో పోర్టు పోర్టుకూ చూసుకోవాలి.

238 వాట్లున్నా 3 వాట్ల ఫోన్‌కు లేదనడం

ఒక లెక్క వేద్దాం. 370 వాట్ల 24 పోర్టుల స్విచ్. దానికి 16 కెమెరాలు, 4 వైఫై యాక్సెస్ పాయింట్లు పెట్టాం. కెమెరాలు క్లాస్ 3, యాక్సెస్ పాయింట్లు క్లాస్ 4. స్విచ్ పుస్తకంలో కెమెరాల పేరున 246.4, యాక్సెస్ పాయింట్ల పేరున 120 పడ్డాయి. మొత్తం 366.4. మిగిలింది 3.6 వాట్లు.

ఇప్పుడు రిసెప్షన్‌లో ఒక ఐపీ ఫోన్ పెట్టారు. క్లాస్ 1 ఫోన్. అది నిజంగా తినేది 3 వాట్లే, కానీ స్విచ్ దాని పేరున 4 వాట్లు రాయాలి. 3.6 మాత్రమే ఉంది. కాబట్టి ఇవ్వనంటుంది. స్విచ్ తనలో జరిగేవి రాసుకునే లాగ్‌లో 'పవర్ డినైడ్' (కరెంటు ఇవ్వలేదు) అని ఒక లైను పడుతుంది. లాగ్ చూసే అలవాటు లేనివాళ్లు ఫోన్ చెడిపోయిందనుకుని వెనక్కి పంపిస్తారు.

అదే సమయంలో తీగల్లో నిజంగా పోతున్నది ఎంత? పగటిపూట ఒక్కో కెమెరా 5 వాట్లు, ఒక్కో యాక్సెస్ పాయింట్ 13 వాట్లు తింటున్నాయనుకుందాం. 80కి 52 కలిపితే 132. అంటే 238 వాట్లు ఎవరూ ముట్టకుండా ఉన్నాయి. అయినా 3 వాట్ల ఫోన్‌కు చోటు లేదు.

ఇది చూసి పెద్ద స్విచ్ కొనాలని తీర్మానించేవాళ్లున్నారు. కొనక్కర్లేదు. కెమెరా డేటాషీట్‌లో గరిష్ఠ వినియోగం 9 వాట్లు అని ఉంటే ఆ పోర్టుకు 10 వాట్ల పరిమితి పెట్టొచ్చు. సిస్కోలో దాన్ని మిల్లీవాట్లలో రాయాలి కాబట్టి 10000 అని ఇస్తాం. అప్పుడు 16 కెమెరాలకు 160 వాట్లు, యాక్సెస్ పాయింట్లకు 120, మొత్తం 280. ఫోన్లకు 90 వాట్లు మిగిలాయి. పైసా ఖర్చు లేదు.

పరిమితి పెట్టడంలో ఒక జాగ్రత్త ఉంది. సిస్కోలో రెండు కమాండ్లు ఒకేలా కనిపిస్తాయి. 'మ్యాక్స్' అని పెట్టేది గరిష్ఠ హద్దు. పరికరం క్లాస్ ఆ హద్దుకు మించి ఉంటే కొన్ని మోడళ్లలో స్విచ్ కరెంటే ఇవ్వదు. 'కన్సంప్షన్' అని పెట్టేది పరికరం చెప్పిన క్లాస్‌ను పక్కన పెట్టి, మనం చెప్పిన అంకెనే పుస్తకంలో రాయమనడం. పైన చెప్పిన లెక్కకు పనికొచ్చేది రెండోది. కానీ మనం తక్కువ అంకె చెప్పి పరికరం ఎక్కువ తింటే పూచీ మనదే. అందుకే డేటాషీట్ అంకెకు కేబుల్‌లో పోయే నష్టం కూడా కలిపి రాయాలి. ఆ నష్టం సంగతి తర్వాత చెప్తాను.

ఇంతకంటే మంచి దారి పరికరం చేతనే సరైన అంకె చెప్పించడం. ఎల్ఎల్‌డీపీ అనే ప్రోటోకాల్ (పరికరాలు తమలో తాము మాట్లాడుకునే పద్ధతి) ఆ పని చేస్తుంది. పరికరం బూట్ అయ్యాక స్విచ్‌తో మాట్లాడి, నాకు ఇన్ని వాట్లు కావాలని పదో వంతు వాటు దాకా కచ్చితంగా చెప్తుంది. క్లాస్ మెట్లతో పనిలేదు. సిస్కో పరికరాల మధ్య సీడీపీ అనే ఆ కంపెనీ సొంత ప్రోటోకాల్ ఈ పనే చేస్తుంది. చాలా స్విచ్‌ల్లో ఎల్ఎల్‌డీపీ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది, లేదా సెక్యూరిటీ పేరుతో ఎవరో ఆపేసి ఉంటారు. దాని ఫలితం ఇంకో చోట బయటపడుతుంది. 25 వాట్లు కావాల్సిన యాక్సెస్ పాయింట్‌కు 15.4 మాత్రమే అందితే అది ఆగిపోదు. తనను తాను తగ్గించుకుంటుంది. నాలుగు యాంటెన్నాల బదులు రెండే వాడుతుంది, యూఎస్‌బీ పోర్టు ఆపేస్తుంది. వైఫై సిగ్నల్ కనిపిస్తూనే ఉంటుంది, స్పీడు మాత్రం రాదు. జనం ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్లు చేస్తూ ఉంటారు. వైఫై స్లో అని ఫిర్యాదు వస్తే, యాక్సెస్ పాయింట్ పేజీలో పవర్ మోడ్ చూడటం నా మొదటి పని.

అసలు తినే లెక్కతో పంచితే?

పుస్తకంలో రాయడం ఎందుకు, నిజంగా పోతున్న కరెంటును బట్టే పంచొచ్చు కదా అనిపిస్తుంది. అలా పంచే స్విచ్‌లూ ఉన్నాయి. హెచ్‌పీ ప్రోకర్వ్ నుంచి అరూబా దాకా వచ్చిన స్విచ్‌ల్లో క్లాస్‌ను బట్టి పంచాలా, వాడకాన్ని బట్టి పంచాలా అని మనమే ఎంచుకోవచ్చు. చవక స్విచ్‌లు చాలావరకు వాడకాన్ని బట్టే పంచుతాయి. మా అపార్ట్‌మెంట్‌లో జరిగింది ఇదే.

ఎనిమిది కెమెరాలు, పగటిపూట ఒక్కోటి 5 వాట్లు. మొత్తం 40. స్విచ్ దగ్గర 60 ఉన్నాయి. అంతా సవ్యంగా ఉంది. చీకటి పడగానే కెమెరాల్లో ఐఆర్ లైట్లు వెలుగుతాయి. నైట్ విజన్ అంటే అదే. ఒక్కో కెమెరా 9 వాట్లకు చేరుతుంది. కేబుల్ నష్టంతో కలిపి స్విచ్ దగ్గర తొమ్మిదిన్నర. ఎనిమిదింటికి 76 వాట్లు కావాలి. 60కి మించి లేవు. అప్పుడు స్విచ్ చివరి పోర్టుల నుంచి కోయడం మొదలుపెడుతుంది. ఎనిమిదో పోర్టు ఆపింది, 66.5కు దిగింది. చాల్లేదు. ఏడో పోర్టు కూడా ఆపింది, 57కు దిగింది. ఇప్పుడు లెక్క సరిపోయింది. మిగిలిన 3 వాట్లతో ఇంకో కెమెరా కనీసం బూట్ కూడా కాదు. తెల్లారాక ఐఆర్ లైట్లు ఆరిపోతే ఆరు కెమెరాలూ కలిపి 30 వాట్లకు వస్తాయి. ఆగిన రెండూ మళ్లీ లేస్తాయి. పదకొండింటికి వచ్చిన టెక్నీషియన్‌కు ఏం కనిపిస్తుంది?

ఏడు, ఎనిమిది పోర్టులకు ఉన్నవే వెనక గేటు, జనరేటర్ సందు. రాత్రిపూట మాకు అన్నిటికంటే ముఖ్యమైనవి. కేబుల్ వేసినవాడికి అది తెలియదు. దూరంగా ఉన్నవి కాబట్టి చివర గుచ్చాడు.

ఒక ఆదివారం సాయంత్రం నేను స్విచ్ ఎదుట కూర్చున్నాను. వీధి దీపాలు వెలిగిన కాసేపటికి ఎనిమిదో పోర్టు లైటు ఆరింది, తర్వాత ఏడోది. చేతిలో టార్చి పట్టుకుని స్విచ్ కింద అతికించిన స్టిక్కర్ మీద '60 వాట్లు' చదివాక మూడు నెలల చిక్కు రెండు నిమిషాల్లో విడిపోయింది. మూడు కెమెరాలను విడిగా ఇంజెక్టర్ల మీదకు మార్చాం. ఇంజెక్టర్ అంటే ఒక్క కేబుల్‌కు కరెంటు కలిపే చిన్న పెట్టె. రెండు మారిస్తే చాలు కదా అని టెక్నీషియన్ అన్నాడు. రెండు మారిస్తే మిగిలిన ఆరు 57 వాట్లు తింటాయి, 60కి మరీ దగ్గర. స్విచ్‌ను ఏళ్ల తరబడి ఆ అంచున నడపకూడదు.

పెద్ద స్విచ్‌ల్లో ఈ ప్రమాదానికి ఒక రక్షణ ఉంది. జునిపర్ కంపెనీ ఈఎక్స్ స్విచ్‌ల్లో దాన్ని గార్డ్ బ్యాండ్ అంటారు. కొన్ని వాట్లు ఎవరికీ ఇవ్వకుండా పక్కన ఉంచుకోవడం. పరికరాలు ఒక్కసారిగా కాస్త ఎక్కువ లాగినా తట్టుకోవడానికి అది పనికొస్తుంది.

రెండు పద్ధతుల్లో ఏది మంచిదని అడిగితే నాది స్పష్టమైన అభిప్రాయం. క్లాస్ లెక్క భద్రం, కానీ వృథా ఎక్కువ. వాడకం లెక్క పొదుపు, కానీ నడిరాత్రి దెబ్బ తీస్తుంది. కెమెరాలున్న చోట రాత్రి ఎనిమిదింటికి కొలిచిన వాడకం మీద కాస్త అదనం కలిపి, ఆ అంకెను పోర్టు పోర్టుకూ రాసిపెట్టడం వీటిలో దేనికన్నా మేలు. పగలు కొలిచిన అంకెతో ఎవరైనా డిజైన్ ఇస్తే ఒప్పుకోకండి. తల తిప్పే పీటీజెడ్ కెమెరాల విషయంలో మోటారు తిరుగుతుండగా కొలవాలి.

ముందు ఎవరిని ఆపాలి

కరెంటు చాలనప్పుడు ఎవరిని ఆపాలో మనం చెప్పకపోతే స్విచ్ తన ఇష్టం వచ్చినట్టు ఆపుతుంది. చాలా స్విచ్‌ల్లో పోర్టుకు క్రిటికల్, హై, లో అని ప్రాధాన్యం ఇవ్వొచ్చు. అన్నీ ఒకే స్థాయిలో ఉంటే చిన్న నంబరు పోర్టుదే గెలుపు. ప్రాధాన్యం పెట్టే అవకాశం లేని చవక స్విచ్ అయితే ముఖ్యమైన వాటిని ఒకటి, రెండు పోర్టులకు గుచ్చడమే మందు. మాలాంటి వాళ్లకు ఇదొక్కటి ముందే తెలిసి ఉంటే వెనక గేటు చీకట్లో ఉండేది కాదు.

కరెంటు పోయి వచ్చే చోట ఇది ఇంకా ముఖ్యం. సిస్కోలో మామూలుగా ఉండే 'ఆటో' పద్ధతిలో ముందు వచ్చినవాళ్లకు ముందు. నెమ్మదిగా ఒక్కో పరికరం పెట్టుకుంటూ పోతే చివర పెట్టినదానికే లేదంటుంది, దాన్ని మనం గమనిస్తాం. కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రం అన్నీ ఒకేసారి అడుగుతాయి. అప్పుడు వరుస మారొచ్చు. పైగా ఎల్ఎల్‌డీపీతో తక్కువ అంకె చెప్పిన పరికరాలు కూడా బూట్ అయ్యేదాకా క్లాస్ ప్రకారం నిండు అంకెనే పట్టుకుని ఉంటాయి. నిన్న పనిచేసిన యాక్సెస్ పాయింట్ ఈరోజు లేవకపోవడానికి ఇదొక కారణం. ఐసీయూలో ఫోన్, గేటు దగ్గర కెమెరా లాంటివాటికి 'స్టాటిక్' పెడితే ఆ పోర్టులో ఏమీ గుచ్చకపోయినా వాటి వాటా అలాగే భద్రంగా ఉంటుంది.

రెండు పవర్ సప్లైలున్న స్విచ్‌ల్లో ఇంకో ఉచ్చు ఉంది. రెండింటినీ కలిపి వాడుకోవచ్చు, లేదా ఒకటి వాడుతూ ఇంకోదాన్ని తోడుగా ఉంచుకోవచ్చు. కలిపి వాడితే బడ్జెట్ పెద్దగా కనిపిస్తుంది. అంత బడ్జెట్‌కూ పరికరాలు పెట్టేశాక ఒక సప్లై పోతే, ఉన్నపళంగా చాలా పోర్టులు ఆగిపోతాయి. తోడుంది కదా అన్న ధైర్యంతో కొన్న రెండో సప్లై అప్పటికే ఖర్చైపోయి ఉంటుంది. పరికరాలు పెరిగిన ప్రతిసారీ, ఒక్క సప్లైతో ఎంత నడుస్తుందో లెక్క వేసుకోవాలి.

తీగ తినే వాటా

15.4 పంపితే 12.95 అందుతుందని, 30 పంపితే 25.5 అందుతుందని ప్రమాణంలో ఉంటుంది. మిగతాది కేబుల్ వేడెక్కడానికి పోతుంది. ఈ అంకెలు ఎలా వచ్చాయో చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ఏఎఫ్ ప్రమాణంలో కరెంటు 0.35 ఆంపియర్లు, వంద మీటర్ల పాత రకం తీగ నిరోధం 20 ఓమ్‌లు. హైస్కూల్లో చదివిన సూత్రమే: కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించాలి. 2.45 వాట్లు వస్తుంది. 15.4లోంచి తీసేస్తే 12.95. ఏటీలో 0.6 ఆంపియర్లు, క్యాట్ 5ఈ అనే తర్వాతి రకం తీగకు 12.5 ఓమ్‌లు. నష్టం 4.5 వాట్లు. 30లోంచి తీసేస్తే 25.5. వోల్టేజీ కూడా ఇలాగే. ఏఎఫ్ స్విచ్ కనీసం 44 వోల్టులు పంపాలి. దారిలో 7 వోల్టులు పడిపోయినా పరికరం 37 వోల్టులతో పనిచేయాలి.

ఈ లెక్కంతా రాగి తీగకు. మార్కెట్లో చవగ్గా దొరికే కేబుళ్లలో చాలావాటిలో ఉండేది రాగి పూత వేసిన అల్యూమినియం. దాన్ని సీసీఏ అంటారు. దాని నిరోధం రాగికంటే సుమారు ఒకటిన్నర రెట్లు. నష్టం కూడా ఆ లెక్కనే పెరుగుతుంది, ఆ తర్వాత ఇంకొకటి మొదలవుతుంది. కెమెరాకు కావాల్సిన వాట్లు మారవు. వోల్టేజీ తక్కువ అందితే అది ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎక్కువ కరెంటు పోతే తీగలో ఇంకా ఎక్కువ నష్టం. ఇరవై మీటర్ల దూరానికి ఇది పట్టదు. డెబ్బై, ఎనభై మీటర్ల దూరంలో ఐఆర్ లైట్లు వెలగగానే కెమెరా రీస్టార్ట్ అవుతూ ఉంటే బడ్జెట్‌తోపాటు తీగను కూడా అనుమానించాలి. తీగ చివరను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం. నెట్‌వర్క్ కేబులింగ్ ప్రమాణాలు దాన్ని ఒప్పుకోవు. డేటా ఎలాగో పోతుంది కదా అని వాడేస్తారు కానీ, కరెంటు పంపే తీగకు అది అస్సలు పనికిరాదు.

ఇంటర్నెట్ కోసం డాబాల మీద పెట్టే చిన్న రేడియోల్లో కొన్నింటికి 24 వోల్టుల పాసివ్ ఇంజెక్టర్ వస్తుంది. పైన చెప్పిన ప్రశ్నలేవీ అది అడగదు. గుచ్చగానే కరెంటు వదిలేస్తుంది. దానికి ఆ రేడియో తప్ప ఇంకేదీ తగిలించకండి, పరికరం కాలిపోవచ్చు.

యూపీఎస్ లెక్క

పీఓఈ వల్ల వచ్చే పెద్ద లాభం, ర్యాక్‌లో ఒక్క యూపీఎస్ పెడితే భవనం మొత్తంలో ఫోన్లూ కెమెరాలూ కరెంటు పోయినా నడుస్తాయి. కానీ ఆ యూపీఎస్‌ను మామూలు స్విచ్‌ల లెక్కతో కొంటారు. పీఓఈ లేని స్విచ్ నలభై, యాభై వాట్లు తింటుందేమో. పీఓఈ స్విచ్ దానికి తోడు కెమెరాల కరెంటంతా తనే గోడలోంచి లాగుతుంది, ఏసీని డీసీగా మార్చడంలో పోయేది అదనం. ఒక కేవీఏ యూపీఎస్‌లో 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీలు రెండు ఉన్నాయనుకుందాం. రెండూ కలిపి కాగితం మీద 168 వాట్ అవర్లు. స్విచ్ నిండుగా 400 వాట్లు లాగుతుంటే అది 25 నిమిషాలు. అంత వేగంగా లాగితే బ్యాటరీ తన నిండు శక్తి ఇవ్వదు, ఇన్వర్టర్‌లో కొంత పోతుంది, రెండేళ్లు వాడిన బ్యాటరీ ఇంకా తగ్గుతుంది. చేతికి వచ్చేది దానికంటే చాలా తక్కువ. ముందు చెప్పిన మూడు అంకెల్లో రెండోది, అంటే పోర్టుల పేరున రాసిన మొత్తం, ఇక్కడ పనికిరాదు. యూపీఎస్‌కు కావాల్సింది మూడోది, రాత్రిపూట నిజంగా పోతున్నది.

ఆ టైము పెంచుకోవడానికి స్విచ్‌లోనే దారి ఉంది. ఆఫీసు మూసేశాక ఫోన్ల పోర్టులకు, ఖాళీ గదుల యాక్సెస్ పాయింట్లకు టైము పెట్టి కరెంటు ఆపేయొచ్చు. అవి ఆగినంత మేర గేటు కెమెరాలు ఎక్కువసేపు నడుస్తాయి. అదే అధికారం ఇంకో రకంగానూ పనికొస్తుంది. కెమెరా హ్యాంగ్ అయితే నిచ్చెన ఎక్కక్కర్లేదు, ఆ పోర్టుకు కరెంటు ఆపి మళ్లీ ఇస్తే చాలు.

స్విచ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసేటప్పుడు మాత్రం ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. స్విచ్ రీబూట్ అయితే దాని మీద ఆధారపడ్డ ఫోన్లు, కెమెరాలు, తలుపు తాళాలు అన్నీ ఒకేసారి ఆరిపోతాయి. సిస్కో వారి కొన్ని కాటలిస్ట్ స్విచ్‌ల్లో పర్పెచువల్ పీఓఈ అనే సెట్టింగ్ ఉంది. అది పెడితే స్విచ్ రీబూట్ అవుతున్నంతసేపూ పోర్టుల్లో కరెంటు ఆగదు. డేటా ఆగుతుంది కానీ పరికరాలు ఆరిపోవు. కాబట్టి స్విచ్ లేవగానే అవి వెంటనే పనిలోకి వస్తాయి. ఆస్పత్రుల్లో, తలుపు తాళాలు పీఓఈ మీద నడిచే చోట అప్‌డేట్‌కు ముందే ఇది ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి, రీబూట్ మొదలయ్యాక పెట్టడానికి వీలుండదు.